రెండవ నవ్వు

వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామములో గోవిందమంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథుల వెంట నడచుచు, కోడిపందెములు మొదలుకొని కథాగానముల వరకు కంటబడిన ప్రతి వేడుక కడను నిలిచి, దాని బాగోగులు ముచ్చటించుకొని మఱి సాగిపోయిన తీరు తలచుకొన్నప్పుడెల్ల, వినోదమును తూచి చూచు అలవాటు ఈ ఊరికి నిన్న మొన్నటిది కాదని తోచును. ఈ ఊరి మట్టెవాడలో నేటికిని ఇంటిల్లిపాది సినిమాకు పోయివచ్చి, రాత్రి అన్నముల కడ చెప్పుకొను మాటలలో ఆ తూనిక వినబడుచునే యుండును.

2019 సంక్రాంతికి వచ్చిన ‘ఎఫ్2’ ఆ తూనికకు నిలిచినది. అత్తవారింటి పెత్తనము, భార్యల మాటకు తలయొగ్గలేక, ఒగ్గక తప్పక వెంకటేశ్, వరుణ్ తేజ్ పడిన అవస్థ, ఎంతోకొంత ప్రతి ఇంటను ఉన్నదే. కోపము దిగమ్రింగుకొనుటకు కనిపెట్టిన ఆ ‘వెంకీ ఆసనము’ను పిల్లలు వాకిళ్లలో వేసి చూపిరి. 2022 మే 27న అదే దర్శకుడు అనిల్ రావిపూడి, అవే పాత్రల పేర్లతో, అదే నటవర్గముతో తెచ్చిన ‘ఎఫ్3’లో కథ కాపురమును విడిచి ధనాశను పట్టుకొన్నది, వెంకటేశునకు రేచీకటి, వరుణ్ తేజునకు నత్తి తగిలించి, హాస్యభారమును చాలవరకు వానిమీదనే మోపిరి. తర్కము లేదనియు, రెండవసగము సాగినదనియు విమర్శకులనేకులు వ్రాసిరి. కుటుంబములు మాత్రము వచ్చి నవ్విపోయినవి. పెద్ద చిత్రములకు టికెట్టు ధరలు పెంచుచున్న ఆ వేసవిలో, మామూలు ధరలకే ఆడింతుమని నిర్మాత దిల్ రాజు ప్రకటించుట మెచ్చదగిన పని. ఐదుగురున్న ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

నాకు నచ్చనిది తర్కలోపము గాదు. మాయాబజారును ఏ తర్కముతో చూచెదము? మా వాడలో రేచీకటి గల ముదుసలి యొకడుండెడివాడు. దీపములు పెట్టు వేళ దాటినచో మనుమని భుజముపై చేయి వేయనిదే గడప దిగడు; ఎదురైన మనిషిని గొంతు విని గాని పోల్చుకొనడు. ఆహారములో ‘ఎ’ విటమిను కొరవడుటచేతనే ఎందఱికో కలుగు ఆ వ్యాధిని గోడలకు గుద్దుకొను ఆటగా మార్చినప్పుడు, ఆ మనుమని ముఖమే నాకు కానవచ్చి నవ్వు రాలేదు.

తొలిచిత్రపు కుటుంబకథను విడిచి, తరువాతి భాగములను పైపై హంగులతో నడుపుట అమెరికాలోను జరిగినది. ‘స్పై కిడ్స్’ అను పిల్లల చిత్రమాలకు మూడవభాగమున త్రీడీ అద్దములను, 2011 నాటి నాలుగవభాగమున గీకి వాసన చూచు అట్టలను జోడించిరి. అంకె తెరపై కనబడగానే అట్టపై ఆ గడిని గీకవలెను. విమర్శకులు దానిని దయతలచలేదు. తొలిచిత్రమును నిలబెట్టినది ఒక కుటుంబపు సాహసమేగాని అట్టలు గావు.

ఆ సంగతి అనిల్ రావిపూడికి తెలిసినదేమో! 2025 జనవరి 14న వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో మరల వెంకటేశునే తీసికొని, మాజీ ప్రేయసి వెంట పనిమీద పోవు భర్తను నమ్మజాలక తానును బయలుదేరిన భాగ్యమను భార్య పాత్రను ఐశ్వర్యా రాజేశ్ చేత ఆడించినాడు. థియేటరులో నా ప్రక్క వరుసలోని ఇల్లాలు తన పెనిమిటి వంక తిరిగి చూచి మఱీ నవ్వినది.