గొంతు తగ్గింది, లెక్క తగ్గలేదు

ఈసారి ఒక పాటల ఆల్బమ్ గురించి రాస్తున్నాను. తెలుగుది కాదు. ఆస్ట్రేలియా ఆదివాసీ గాయకుడు ఆర్చీ రోచ్ 2020 నవంబరులో తెచ్చిన 'ద సాంగ్స్ ఆఫ్ చార్‌కోల్ లేన్'. కొన్నాళ్ళుగా ఇదే వింటున్నాను. మా విద్యార్థులకూ వినిపించాను. అంతా అయ్యాక ఒకమ్మాయి అడిగింది: "పాట బావుంది మేడమ్. కానీ కోపమేదీ? ఇంత అన్యాయం జరిగిన మనిషి ఇంత మెల్లగా ఎలా పాడతాడు?"

ఇది ఆ ఒక్క అమ్మాయి ప్రశ్న కాదు. మన సభల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో, మన పాటగాళ్ళ గురించి మనం రోజూ అడుగుతున్నదే. ఎవరైనా పెద్దాయన పాట కాస్త నెమ్మదిస్తే చాలు, "అన్న చల్లబడ్డాడు" అనేస్తాం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆయన కథ. ఆర్చీ రోచ్ 1956లో పుట్టాడు. విక్టోరియా రాష్ట్రంలో వార్నంబూల్ దగ్గర ఫ్రామ్లింగమ్ అనే ఆదివాసీ మిషన్ ఉంది. అక్కడ అమ్మానాన్నల దగ్గరున్న పిల్లాణ్ణి రెండు మూడేళ్ళ వయసులో ప్రభుత్వం ఎత్తుకుపోయింది. అక్కచెల్లెళ్ళనూ అన్నదమ్ములనూ కూడా. ఆ దేశంలో దశాబ్దాల పాటు నడిచిన విధానమది. ఆదివాసీ పిల్లల్ని కన్నవాళ్ళ నుంచి తెంచి తెల్లవాళ్ళ ఇళ్ళలో, సంస్థల్లో పెంచితే 'నాగరికులు' అవుతారని. అలా పోయినవాళ్ళను ఇవాళ 'స్టోలెన్ జనరేషన్స్' అంటున్నారు. ఎత్తుకుపోయిన తరాలు.

ఆర్చీని చివరికి మెల్‌బోర్న్‌లో స్కాట్లండ్ మూలాలున్న ఒక కుటుంబం పెంచింది. పిల్లాడి కుటుంబమంతా ఇల్లు తగలబడి చనిపోయిందని వాళ్ళకు అబద్ధం చెప్పారు. వాళ్ళు బాగానే చూసుకున్నారు. సంగీతం కూడా ఆ ఇంట్లోనే, ఆ చర్చి పాటల్లోనే అబ్బింది. టీనేజిలో ఉండగా ఒక రోజు బడికి ఉత్తరం వచ్చింది. రాసింది సొంత అక్క. అమ్మ పోయిన వారమే చనిపోయిందని అందులో ఉంది. తనకొక అమ్మ ఉందని, ఆ అమ్మ ఇప్పుడు లేదని, రెండూ ఒకే ఉత్తరంలో తెలిశాయి. కొన్నాళ్ళకు గిటారు తీసుకుని ఇల్లు వదిలాడు. వీధుల్లో బతికాడు, తాగాడు, జైలుకు వెళ్ళాడు. అడిలైడ్‌లో రూబీ హంటర్ అనే అమ్మాయి పరిచయమైంది. ఆమె కూడా ఎత్తుకుపోయిన బిడ్డే. ఆ ఇద్దరూ జీవితాంతం కలిసి బతికారు, కలిసి పాడారు.

1988లో తెల్లవాళ్ళు ఆస్ట్రేలియాలో దిగి రెండు వందలేళ్ళయిందని ప్రభుత్వం పండగ చేస్తుంటే, ఆదివాసీలు నిరసన చేశారు. ఆ రోజుల్లోనే ఆర్చీ 'టుక్ ద చిల్డ్రన్ అవే' అనే పాట పాడటం మొదలుపెట్టాడు. మరుసటి సంవత్సరం పాల్ కెల్లీ అనే పేరున్న గాయకుడు మెల్‌బోర్న్‌లో తన కచేరీకి ముందు ఆర్చీని పాడమన్నాడు. పాట అయిపోయింది. హాలంతా నిశ్శబ్దం. నచ్చలేదేమో అనుకుని ఆర్చీ వేదిక దిగబోతుంటే, అప్పుడు మొదలయ్యాయట చప్పట్లు, ఎంతకీ ఆగకుండా. 1990లో తొలి ఆల్బమ్ 'చార్‌కోల్ లేన్' వచ్చింది. మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్‌లో ఆదివాసీలు కూడుకుని, తాగి, ఒకరినొకరు ఓదార్చుకున్న ఒక సందు పేరది. మన భాషలో చెప్పాలంటే, ఊరివాళ్ళు ముక్కు మూసుకుని దాటిపోయే సందు. ఆయన దాని పేరే తన మొదటి ఆల్బమ్‌కి పెట్టుకున్నాడు.

ఆ పాట వచ్చేనాటికి ఆ దేశంలో చాలామందికి ఈ విషయమే తెలియదు. తెలిసినవాళ్ళు ఒప్పుకోరు. పిల్లల్ని తెంచడం మీద జాతీయ విచారణ జరిగి 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక వచ్చింది 1997లో. ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. అంటే ప్రభుత్వ కాగితం మీదకు ఎక్కడానికి ఏడేళ్ళ ముందే పాట ఆ సాక్ష్యం చెప్పింది.

ఇప్పుడు 2020కి వద్దాం. ఈ మధ్య కాలంలో ఏమేం జరిగాయో చూడండి. 2010 ఫిబ్రవరిలో రూబీ చనిపోయింది. అదే ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. వేళ్ళకు మళ్ళీ గిటారు నేర్పుకోవాల్సి వచ్చింది. 2011లో ఊపిరితిత్తుల కేన్సర్, ఆపరేషన్. అయినా 2012లో గాస్పెల్ ఛాయలున్న 'ఇన్‌టు ద బ్లడ్‌స్ట్రీమ్' తెచ్చాడు. 2020 నాటికి ఊపిరి కోసం ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే పరిస్థితి. కరోనా కాలం. 'చార్‌కోల్ లేన్' వచ్చి ముప్పయ్యేళ్ళయిన సందర్భం. స్టూడియోకి పోలేదు. ఇంట్లో వంటగది బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒక గిటారిస్టు, ఒక డబుల్ బేస్ వాయించే ఆయన, మధ్యలో ఆర్చీ. అవే పాటలు మళ్ళీ మొదటి నుంచి పాడాడు. ఆ ఇల్లున్న కిలార్నీ అనే చిన్న ఊరు వార్నంబూల్ పక్కనే, వాళ్ళమ్మ తరపు జనం నేల మీద. ఏ ప్రాంతం నుంచి ఎత్తుకుపోయారో ఆ ప్రాంతానికే తిరిగి వచ్చి, అక్కడ కూర్చుని పాడాడన్నమాట.

1990 రికార్డింగు, 2020 రికార్డింగు రెండూ పక్కపక్కన పెట్టి వినండి. మొదటిదాంట్లో గొంతు నిలువుగా లేచి ఉంటుంది. నమ్మనివాళ్ళ ముందు నిలబడి చెబుతున్నట్టు ఉంటుంది. రెండోదాంట్లో గొంతు బరువెక్కింది, కిందికి దిగింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవడం వినబడుతుంది. వాయిద్యాలు తొందరపెట్టవు. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగుతాయి. 'టుక్ ద చిల్డ్రన్ అవే' పిల్లల్ని తీసుకుపోవడంతో ఆగే పాట కాదు, వాళ్ళు తిరిగి రావడంతో ముగుస్తుంది. మొదటి రికార్డింగులో నా చెవి తీసుకుపోవడం దగ్గర ఆగిపోయేది. కొత్తదాంట్లో తిరిగి రావడం దగ్గర ఆగింది. రాసిన పాట అదే. బరువు ఎక్కడ పడుతోందన్నదే మారింది.

మా విద్యార్థిని అడిగిన కోపం ఎక్కడికి పోయింది మరి?

నాకు అర్థమైనంతలో, 1990లో ఆయన పాట సాక్ష్యం. సాక్షి గట్టిగా చెప్పాలి, వినిపించుకోని వాళ్ళు ఎదురుగా ఉన్నారు కాబట్టి. 2020లో ఆయన ఎవరికీ ఏదీ రుజువు చేయనక్కర్లేదు. నివేదిక వచ్చింది, క్షమాపణ వచ్చింది. ఇక మిగిలిన ఊపిరి కొంచెమే. దాన్ని నమ్మనివాళ్ళ కోసం ఖర్చు పెట్టదలచుకోలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ కోసం, పోయిన రూబీ కోసం, తనలాగే తిరిగొచ్చిన పిల్లల కోసం పాడుకున్నాడు. తొలి ఆల్బమ్‌లో రూబీ రాసిన 'డౌన్ సిటీ స్ట్రీట్స్' ఉంది. ఇల్లు లేకుండా వీధుల్లో తిరిగిన బతుకు మీద పాట. ఆమె పోయిన పదేళ్ళకు అదే పాట మళ్ళీ పాడుతున్నప్పుడు ఆ మనిషి గొంతులో మనం ఇంకేం వెతకాలి?

ఇక్కడ మీలో కొందరికి ఒక అనుమానం రావాలి. రాకపోతే నేనే గుర్తు చేస్తాను. మెత్తటి పాట పాలకులకు ఇష్టం. గరగరలాడే పాటకు కేసు పెడతారు, మెత్తబడ్డ పాటకు శాలువా కప్పుతారు. మన కళ్ళముందే ఎన్ని గజ్జెలు ఎన్ని అధికార వేదికల మీద మోగలేదు? కాబట్టి "చల్లబడ్డాడు" అనే అనుమానం ఊరికే పుట్టింది కాదు. దానికి మన అనుభవం ఉంది.

అందుకని నేను గొంతు స్థాయి చూడటం మానేసి లెక్క చూస్తాను. పాటలో ఉన్న లెక్క ఏమైనా తగ్గిందా? ఎవరు చేశారో ఆ మాట తీసేశాడా? ఎవరికి జరిగిందో ఆ మాట తీసేశాడా? ఆర్చీ ఎత్తుకుపోయినవాళ్ళను వదిలిపెట్టలేదు. "అందరం మనుషులమే" అని నీళ్ళు కలపలేదు. ముప్పయ్యేళ్ళ కిందట ఎవరి పేరున రాశాడో ఆ లెక్క అలాగే ఉంది. చల్లబడటానికీ నెమ్మదించడానికీ తేడా నాకు ఇక్కడే తెలిసింది. గొంతు పెంచి లెక్క మాఫీ చేసిన పాటలు మన దగ్గర బోలెడు. అవి మైకుల్లో బాగా మోగుతాయి కూడా.

న్యాయం జరిగింది కాబట్టి ఆయన మెత్తబడ్డాడని కూడా అనుకోకండి. సంరక్షణ పేరుతో ఇళ్ళ నుంచి వేరు చేస్తున్న పిల్లల్లో ఆదివాసీ పిల్లల వాటా, జనాభాలో వాళ్ళ వాటాతో పోలిస్తే ఇప్పటికీ చాలా ఎక్కువ. 2023 అక్టోబరు 14న, ఆదివాసీల మాట పార్లమెంటుకు వినిపించే ఒక సలహా సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చాలా అని ఆ దేశం ఓటింగు పెట్టుకుంది. ప్రతి రాష్ట్రమూ వద్దంది. ఆర్చీ పాటకు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో వద్దన్నవాళ్ళూ ఉండే ఉంటారు. పాట విని ఏడవడం వేరు, హక్కు ఒప్పుకోవడం వేరు. మనకిది కొత్త పాఠమేమీ కాదు.

1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ మంటల్లోంచే 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. దళిత కవిత్వ సంకలనానికి పెట్టుకున్న పేరులోనే పాట ఉంది చూడండి. ఆ తరం గొంతెత్తకపోతే నేనివాళ కాలేజీలో తెలుగు సాహిత్యం చెబుతూ ఉండేదాన్ని కాదు. అందులో అనుమానం లేదు. ఆర్చీ వాళ్ళ చరిత్రా మన చరిత్రా ఒకటని కూడా అనను. వాళ్ళది నేల పోయిన, పిల్లలు పోయిన గాయం. మనది ఊళ్ళోనే ఉంచి వెలివేసిన గాయం. కానీ గాయపడ్డవాడు ఏ స్వరంలో మాట్లాడాలో గాయపరిచినవాడు నిర్ణయించడం రెండు చోట్లా ఒకటే. మన దగ్గర ఇంకొక తిరకాసు కూడా ఉంది. అప్పుడప్పుడు మనమే నిర్ణయిస్తున్నాం.

మన సాహిత్యంలో మెల్లగా చెప్పిన గొంతులు లేవా? 1941లో జాషువా 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి పోగలిగే గబ్బిలంతో తన మొర శివుడికి పంపుతాడు. అందులో అరుపు లేదు. కానీ ఆ ఏర్పాటులోనే ఎంత నిలదీత ఉందో క్లాసులో చెప్పిన ప్రతిసారీ కొత్తగా కనబడుతుంది. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవండి. బడికి తనతో గోనెపట్టా తీసుకెళ్ళిన పిల్లవాడు. నాన్న దగ్గరికి వెళ్ళే దారిలో, కులం తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోకపోతే, రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ పోయిన అన్నదమ్ములు. ఎంత తాపీగా రాశారాయన! ఒక్క తిట్టు లేదు. చదివినవాడు మాత్రం ఆ రాత్రి నిద్రపోలేడు. ఆ చిన్న పుస్తకం అచ్చయింది కూడా 1990లోనే, 'చార్‌కోల్ లేన్' వచ్చిన ఏడాదే.

అంతెందుకు, మీ ఇళ్ళలోనే వినండి. మా అమ్మమ్మ నాట్లలో పాడేది, ఆదివారం చర్చిలో పాడేది, పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడేది. మూడూ దాదాపు ఒకటే బాణీ. కామందు పొలంలో పాడిన పాటలో వెటకారం ఉండేది, చర్చి పాటలో ఏడుపు ఉండేది, జోలపాటలో రెండూ ఉండేవి. ఏదీ గట్టిగా పాడేది కాదు. మన ఉద్యమ పాటకు డప్పు ఎంత వేరో ఈ గొంతూ అంతే వేరు. ఆర్చీ పాటలో కంట్రీ సంగీతం, చర్చి కీర్తన, పేటలో పాడుకునే పాట కలిసిపోయి వినబడుతుంటే నాకు మా పల్లె చర్చి గుర్తొచ్చింది. ఆయనకు చర్చి పెంచినవాళ్ళ ద్వారా వచ్చింది, మాకు మిషనరీల ద్వారా వచ్చింది. ఇద్దరమూ దాన్ని మన బాధకు సరిపడా వంచుకున్నాం.

మెత్తగా పాడే హక్కు కూడా హక్కే. మన పాటగాడికి వయసు మీద పడొచ్చు, ఊపిరి తగ్గొచ్చు, భార్య చనిపోవచ్చు, మనవరాలు పుట్టొచ్చు. వాటి మీద పాడుకునే తీరిక పెద్దకులాల కవికి ఎప్పుడూ ఉంది. వాళ్ళ దగ్గర దాన్ని పరిణతి అంటారు. మన దగ్గర అదే ద్రోహం ఎందుకవుతోంది? బతికినన్నాళ్ళూ మండుతూనే ఉండమని ఒక మనిషిని అడగడంలో ప్రేమ ఎంత, వాడకం ఎంత?

ఆర్చీ 2022 జులై 30న వార్నంబూల్‌లోనే చనిపోయాడు. అక్కడి ఆదివాసుల్లో చనిపోయినవాళ్ళ పేరు పలకకపోవడం, బొమ్మ చూపకపోవడం ఆచారం. ఆయన కొడుకులు మాత్రం నాన్న పేరు, ఫొటో, పాటలు వాడుకోవచ్చని అనుమతి ఇచ్చారు, ఆయన కథ ఇంకా జనానికి ధైర్యమివ్వాలని. ఆ అనుమతి ఉంది కాబట్టే నేనూ ఈ పేరు ఇన్నిసార్లు రాయగలిగాను.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు, మీ ఇంట్లో పాడే పెద్దవాళ్ళెవరైనా ఉంటే వంటింట్లోనో అరుగు మీదో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. గట్టిగా పాడమని అడక్కండి. దగ్గు వస్తే తీసేయకండి. పాట ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరి పొలంలో పాడారో, ఆ కామందు పేరేమిటో కూడా చెప్పించండి. లెక్క మొత్తం అందులో ఉండాలి.

జై భీమ్.