కోసిగిలో ఒక వాన దినం

వాన కురిసే నాడు ఇల్లు కదలరాదని మేము చిన్ననాటినుండి నమ్మినవారము. విద్యార్థుల బద్ధకానికి అంతకంటె గౌరవప్రదమైన సాకు మరొకటి లేదు. ఆ నమ్మకం కోసిగిలో ఒక్క పూటలో చెదరిపోయినది.

అది జూలై మాసం. శనివారం సాయంత్రం మేము ముగ్గురు సహాధ్యాయులము ఆదోనిలో రైలెక్కి, కోసిగిలోని మా మిత్రుని ఇంట దిగినాము. మరునాడు ఊరి చెంతనున్న బండరాళ్ల గుట్టలెక్కవలెనని మా సంకల్పం. రాత్రి మొదలైన ముసురు తెల్లవారినా విడువలేదు. కరెంటు పోయినది. కిటికీ చెంత కూర్చుండి ఆకాశాన్ని నిందిస్తూ ఉండగా మిత్రుని తల్లిగారు సద్దిమూట మా చేతికిచ్చి, పొలంలోని చాచాకు అందించి రమ్మన్నారు. మా ముఖాలు చూచి, "తడిస్తే కరిగిపోవడానికి మీరేమైనా బెల్లం ముద్దలా, బేటా?" అని నవ్వినారు.

విసుగుతోనే బయలుదేరినాము. ఊరు దాటినంతనే పడమటి గాలికి గొడుగు వెనుకకు తిరిగిపోయినది. నల్లరేగడి మన్ను అడుగడుగునా చెప్పులకు అంటుకొని మోయరాని బరువైనది. చివరకు గొడుగు మడిచి, చెప్పులు చేతబట్టుకొని నడచినాము. తడవకూడదన్న పట్టుదల విడిచిన క్షణంనుండి వాన మాకు శత్రువు కాలేదు. కాలివ్రేళ్ల నడుమ చల్లని బురద. గుట్టల మీది బండలు కడిగిన పాత్రలవలె మెరుస్తున్నవి. వాటి పగుళ్లనుండి సన్నని ధారలు దిగుతున్నవి. దూరాన ఒక రైలు రాయచూరు వైపు సాగిపోయినది. దాని కిటికీలన్నీ మూసి ఉన్నవి. కొంత సేపటి క్రిందట మేమును అట్టి కిటికీల వెనుకవారమే గదా అనుకొని నవ్వుకొన్నాము.

పొలం గట్టున చాచా, ఆయన ప్రక్క పొలం పెద్దాయన గోనెసంచులు తలపై కప్పుకొని నిలుచున్నారు. ఈ సీమలో తుంగభద్ర దిగువ కాలువ నీరందే భూములు కొన్ని మాత్రమే. అది ఎక్కడో పడమటి కనుమలలో కురిసిన వాన. తక్కిన చేలన్నిటికీ తమపై కురిసినదే ఆధారం. పెద్దాయన వంగి మన్నులోనికి చేయి దించి చూచి, "పదును జానెడు దిగింది" అన్నాడు. మా వైపు తిరిగి, "సదివేటోళ్లకు వానొస్తే సెలవు నాయనా, మాకు ఇప్పుడే పని మొదలు" అన్నాడు.

మాటల మీద తెలిసినది. క్రిందటి ఏడు పంట ఎండిపోగా ఆయన ఇంటికి తాళం వేసి, కుటుంబంతో గుంటూరు వైపు మిరపకాయలు కోయ వెళ్లినాడట. ఏడవ తరగతి చదివే మనుమరాలి బడి అంతటితో నిలిచినది. ఈ ప్రాంతపు పల్లెలలో ఎన్నో ఇండ్ల కథ ఇదే. "ఈ ఏడు కాలం నిలిస్తే బిడ్డను బడికి తోల్తా" అని ఆయన విత్తనాల సంగతిలో పడినాడు. మేము ఉదయమంతా ఏ వాన ఆగిపోవలెనని కోరుకొన్నామో, ఆ వానమీదనే ఒక బాలిక చదువు ఆధారపడి ఉన్నది. మాకు సిగ్గు కలిగినది.

1953 వరకు ఆదోని తాలూకాతోపాటు ఈ ఊరు బళ్లారి జిల్లాలోనిది. కనుక ఇక్కడ తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినబడతాయి. తిరుగుదారిలో ఎదురైనవారు వాన అనిరి, బారిష్ అనిరి, మళె అనిరి. పలుకు వేరైనా అందరి ముఖాలలోని వెలుగు ఒక్కటే.

ఇంట ఉగ్గాని, వేడి మిరపకాయ బజ్జీలు సిద్ధంగా ఉన్నవి. అంత రుచి మేము మరెన్నడూ ఎరుగము. ఒక్క వానతో ఏడు గట్టెక్కదని మాకును తెలుసు. 2009 అక్టోబరులో ఇదే తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచిన సంగతియు మరువలేదు. అయినా ఆ సాయంత్రం రైలులో జల్లు లోనికి కొట్టుచున్నా మేము కిటికీ మూయలేదు. గుట్టలు ఎక్కనే లేదన్న మాట ఆదోని చేరిన పిదప గాని మాకు జ్ఞాపకం రాలేదు.