హాజరీ పైసలు

సెటిల్‌మెంటు అన్నది ఇంగ్లీషు మాట అని నాకు హైస్కూలుకు వెళ్లేదాకా తెలీదు. మా ఇంట్లో అది రోజా, ఫాతెహా, రిష్తా లాంటి మాటల పక్కనే తిరిగేది. పైకప్పు రేకులు మార్చాలన్నా, ఫుప్పూ నిఖా మాట వచ్చినా, నాకు స్కూలు బూట్లు కావాలన్నా అమ్మీ జవాబు ఒకటే: "సెటిల్‌మెంటు కానీ, చూద్దాం." మూడేళ్లకోసారి వచ్చే ఈద్ అది. దాని చాంద్ ఎప్పుడు కనిపిస్తుందో ఏ మౌల్వీ సాబ్ చెప్పలేడు.

మిల్లు పేరు రాయను. మిల్లు ఇప్పుడు లేదు, యజమాని వారసులున్నారు, నాకు వాళ్లతో దుష్మనీ లేదు. రాయలసీమలో పత్తి మార్కెట్ ఉన్న ఊరు, ఊరి చివర స్పిన్నింగ్ మిల్లు, మూడు షిఫ్టులు. అంతవరకు చాలు. అబ్బా రింగ్ ఫ్రేముల మీద పనిచేసేవాడు. తెగిన పోగును పరుగెత్తుతున్న కండె మీదే మళ్లీ అతకడం ఆయన పని. ఆ ఖాతాలో పోగు తెగకుండా ఉండాలని గాలిలో ఎప్పుడూ తేమ పెట్టేవాళ్లు. ఎండాకాలం రోజాలో ఆ ఉక్కలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో మన ఇళ్లలో చాలామందికి చెప్పక్కర్లేదు.

చిచ్చా కూడా అదే మిల్లు. కాకపోతే బద్లీ.

బద్లీ అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాలి. పర్మినెంటు మనిషి నాగా పెడితే ఆ రోజుకి అతని జాగాలో ఎక్కే మనిషి. పొద్దున ఏడు షిఫ్టుకు ఆరున్నరకే గేటు దగ్గర లైన్లో నిలబడాలి. లోపల ఎంతమంది తక్కువైతే అంతమందిని సీనియారిటీ ప్రకారం పిలుస్తారు. మిగతావాళ్లు ఇంటికి. ఇంకో తమాషా చూడండి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఇంగ్లీషులో రాసిందే కానీ, లే-ఆఫ్ పరిహారం గురించి చెప్పే చోట మన బద్లీ మాటనే పెట్టుకుని, దానికి అర్థం కూడా రాసుకుంది. హాజరీ రిజిస్టరులో పేరున్న వేరే కార్మికుడి బదులు పనిచేసేవాడని. ఉర్దూ లఫ్జు ఇంగ్లీషు కానూన్‌లోకి ఎక్కింది. ఆ లఫ్జు మోసే మనిషి మాత్రం గేటు బయటే.

చిచ్చా తన క్యారియర్ తీసుకునే వెళ్లేవాడు. పని దొరకని రోజు ఎనిమిది లోపల మూత తీయని క్యారియర్‌తో వెనక్కొచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. ఆ క్యారియర్ మాకు పండగ. చాచీ వండిన ఖట్టా, రొట్టె, ఒక్కోసారి ఖాగీనా. నేనూ మా అప్పా పోటీపడి తినేవాళ్లం. చిచ్చా ఈరోజు త్వరగా రావాలని నేను దువా చేసిన రోజులున్నాయి. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు నాకు పదేళ్లు.

1987 మే. రంజాన్. పాత సెటిల్‌మెంటు గడువు అయిపోయి చాలా నెలలైంది. యూనియన్ డిమాండ్ల పత్రం ఇచ్చింది. జీతం మీద నెలకు 150 రూపాయలు పెంచాలి, ధరల సూచీతో పాటు పెరిగే కరువు భత్యం పాయింటు రేటు పెంచాలి, బద్లీలను పర్మినెంటు చేయాలి. యాజమాన్యం 50 రూపాయల దగ్గర కూర్చుంది. పైగా వాళ్లదీ ఒక డిమాండు: ఇద్దరు చూసే ఫ్రేములను ఇకమీద ఒక్కరే చూడాలి. అబ్బా చర్చల కమిటీలో ఐదుగురిలో ఒకడు. చదివింది ఏడో తరగతి, ఉర్దూ మీడియం. హిసాబ్‌లో మాత్రం పక్కా.

సమ్మె చేద్దామన్నవాళ్లు ఉన్నారు. కానీ అందరి మనసులో బొంబాయి ఉంది. 1982 జనవరిలో దత్తా సామంత్ వెనక రెండు లక్షల పైచిలుకు మిల్లు కార్మికులు దిగిన సమ్మె. దానికి ముగింపు అని ఎవరూ ప్రకటించలేదు, ఏ రాజీ కాగితం మీదా సంతకాలు పడలేదు, మిల్లులే ఒకటొకటిగా పోయాయి. సమ్మె మాట ఎత్తగానే ఎవరో ఒకరు ఆ సంగతి తెచ్చేవాళ్లు, అందరూ ఖామోష్ అయ్యేవాళ్లు. సమ్మె బలం లేకుండా బేరానికి కూర్చోవడం ఎంత తక్లీఫో, పైసల్లేకుండా బజారుకు వెళ్లినవాడికి తెలుస్తుంది.

మిల్లులో కూర్చున్న బైఠక్‌లు ఫలించలేదు. మాటలు జిల్లా కేంద్రంలో లేబర్ ఆఫీసుకు చేరాయి. ప్రభుత్వ అధికారి మధ్యలో కూర్చుని రెండు పక్షాలకు రాజీ కుదర్చడం, కుదిరితే కాగితం రాయించడం. దాన్ని "ట్వెల్వ్ త్రీ" అనేవాళ్లు, చట్టంలో ఆ సెక్షన్ 12(3) కాబట్టి. మా అమ్మీ ఇంగ్లీషులో ఏబీసీడీలు చెప్పలేదు కానీ ట్వెల్వ్ త్రీ అంటే ఏమిటో వివరంగా చెప్పేది. ఇద్దరే ఇద్దరు కూర్చుని రాసుకుంటే అది ఆ ఇద్దరికే వర్తిస్తుంది. ట్వెల్వ్ త్రీ అలా కాదు. 18(3) ప్రకారం యూనియన్‌లో లేనివాడికీ, ఆ మిల్లులో రేపు చేరబోయేవాడికీ అదే బంధనం. దస్తఖత్ చేసింది ఐదుగురు, మెడలో పడేది అందరికీ.

అబ్బాకి ఇష్టమైన కిస్సా ఒకటుంది. యూనియన్ వాళ్లు పెట్టిన క్లాసుల్లో విన్నాడు, మాకు నూరుసార్లు చెప్పాడు. 1918, అహ్మదాబాద్. ప్లేగు రోజుల్లో పారిపోకుండా పనిచేయాలని మిల్లు యజమానులు కార్మికులకు బోనస్ ఇచ్చారు. జబ్బు తగ్గాక దాన్ని తీసేయాలన్నారు. ధరలు మాత్రం తగ్గలేదు. ఫిబ్రవరి 22న లాకౌట్ పడింది. యజమానుల వైపు పెద్ద అంబాలాల్ సారాభాయ్. కార్మికుల వైపు గాంధీజీ పక్కన అనసూయా సారాభాయ్, ఆ అంబాలాల్‌కి సొంత అక్క. సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద రోజూ మీటింగు. నేతగాళ్లలో మనవాళ్లు కూడా చాలామందే. కార్మికులు మొదట 50 శాతం అడిగితే, గాంధీజీ లెక్కలన్నీ చూసి న్యాయమైంది 35 అన్నాడు. యజమానులు 20 దాటం అన్నారు. మనుషులు ఆకలికి జారిపోతుంటే మార్చి 15న ఆయన ఉపవాసానికి కూర్చున్నాడు. 18న రాజీ. ఎలాగంటే, మొదటి రోజుకు 35, కార్మికుల మాట నిలబడింది. రెండో రోజుకు 20, యజమానుల మాట నిలబడింది. మూడో రోజు నుంచి మధ్యవర్తి ఫైసలా వచ్చేదాకా 27.5. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరికి 35 అనే తేల్చాడు.

ఉపవాసం యజమానుల మీద ఒత్తిడి కాదా అని గాంధీజీకే అనుమానం ఉండింది, దాన్ని ఆయన దాచుకోలేదు కూడా. అబ్బాకి ఆ చర్చ పట్టదు. ఆయన మనసు ఆ మూడు అంకెల మీదే. "చూసినావా బేటా, ఎవరి ఇజ్జత్ పోలా. ఒక్కో రోజు ఒక్కొక్కరిది" అని వేళ్లు మడిచి చూపించేవాడు. బేరమంటే అవతలివాడు తల దించకుండా మన పైసలు మనం తెచ్చుకోవడం అని ఆయన నమ్మకం.

లేబర్ ఆఫీసులో మూడో రోజు. అబ్బా రోజాతో ఉన్నాడు. టేబుల్ మీదికి చాయ్ వస్తే యూనియన్ వాళ్లెవరూ ముట్టుకోలేదట. యాజమాన్యం తరఫు మనుషులు రెండు గుక్కలు తాగి, మొహమాటపడి గ్లాసులు పక్కన పెట్టేశారట. మెల్లగా వాళ్లు 65కి ఎక్కారు, ఆపైన ఒక్క రూపాయి లేదన్నారు. యూనియన్ 100కి దిగింది. ఫ్రేముల సంగతి అట్లాగే వేలాడుతోంది. అస్ర్ తర్వాత కొత్త దారి కనిపించింది. అసలు జీతం మీద 65. ఇక నెలంతా నాగా లేకుండా వచ్చినవాడికి హాజరీ అలవెన్సు అని వేరుగా 30 రూపాయలు. ఒక్క నాగా అయితే 15, రెండైతే ఏమీ లేదు. జీతం పెంచలేదని యజమాని చెప్పుకోవచ్చు, 95 తెచ్చామని యూనియన్ చెప్పుకోవచ్చు. దానికి బదులు ఫ్రేములు పెంచే మాట వాళ్లు వదిలేశారు. బద్లీల పర్మినెన్సీ "తర్వాత చర్చించబడును" అనే ఒక్క లైన్ అయిపోయింది.

మగ్రిబ్ వేళకి కాగితం టైపు అవుతోంది. అధికారి, హిందువే పాపం, బంట్రోతును పంపి అరటిపళ్లు తెప్పించాడు. అబ్బా ఆ టేబుల్ దగ్గరే రోజా విప్పి, చెయ్యి తుడుచుకుని, ఉర్దూలో దస్తఖత్ చేశాడు. ఆఖరి బస్సులో ఇంటికొచ్చేసరికి గల్లీ అంతా మేలుకునే ఉంది. ఎవరో పూలదండ వేశారు. నాకు ఆ రాత్రి గుర్తున్నది అబ్బా మెడలో దండ, అరుగు మీద చిచ్చా.

అందరూ వెళ్లాక చిచ్చా ఒక్కటే అడిగాడు. "భాయిజాన్, హమారా క్యా హువా?"

"తర్వాత మాట్లాడతామన్నారు. ఇన్షా అల్లాహ్" అన్నాడు అబ్బా. చిచ్చా తల ఊపాడు. తర్వాత హాజరీ అలవెన్సు గురించి అడిగి, అబ్బా చెప్పింది మొత్తం విని, కాసేపు నేల చూసి, సహరీకి లేవాలని వెళ్లిపోయాడు. అతనికి ఆ రాత్రే అర్థమైంది అనుకుంటా. మాకు జూలైకి గానీ కాలేదు.

ఈద్‌కు ముందు ఎరియర్స్ వచ్చాయి. అబ్బా చిచ్చా పిల్లలకీ మాకూ ఒకే తానులో బట్టలు కుట్టించాడు. జూన్ నుంచి మిల్లులో నాగాలు పడిపోయాయి. జ్వరమొచ్చినా వచ్చేవాళ్లు, పెళ్లిళ్లకు సెలవు పెట్టకుండా నైట్ షిఫ్టు చేసి వెళ్లేవాళ్లు. నెలకు 30 రూపాయలంటే ఆ రోజుల్లో మాటలు కాదు. పర్మినెంటువాడు నాగా పెట్టకపోతే అతనికి పైసలు, అతను నాగా పెడితేనే బద్లీకి పని. చిచ్చాకి అంతకుముందు నెలకు పద్దెనిమిది ఇరవై రోజులు దొరికేవి. తర్వాత ఎనిమిది, తొమ్మిది. మూత తీయని క్యారియర్ వారంలో నాలుగైదు సార్లు రావడం మొదలైంది. ఒకరోజు అందులో ఉత్త రొట్టె, ఉల్లిగడ్డ ఉన్నాయి. అమ్మీ మా చేతుల్లోంచి లాక్కుని, మూత పెట్టి, ఇంకెప్పుడూ ముట్టుకోవద్దంది.

ఫ్రేములు పెంచి ఉంటే బద్లీలకు ఇంకా అన్యాయమయ్యేది అన్నది నిజమే. అబ్బా తరఫున ఆ వాదన నేను నాలో చాలాసార్లు చేశాను. కానీ ఆ టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒక్కరన్నా పొద్దున ఆరున్నరకు గేటు బయట నిలబడేవాడు ఉండి ఉంటే, అస్ర్ తర్వాత ఆ అలవెన్సు మాట రాగానే ఎగిరి లేచేవాడు. అహ్మదాబాద్‌లో అక్కా తమ్ముడూ టేబుల్‌కి అటూ ఇటూ అయినా ఇద్దరూ మాట్లాడారు. ఇక్కడ అన్న టేబుల్ దగ్గర, తమ్ముడు అరుగు మీద.

1990 సెటిల్‌మెంటులో అబ్బా పట్టుబట్టి ఒక క్లాజు సాధించాడు. ఏడాదిలో 240 రోజులు చేసిన బద్లీలను పర్మినెంటు చేయాలి. కొంతమందికి అయ్యింది కూడా. చిచ్చాకి 240 రాలేదు. ఎందుకు రాలేదో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మరుసటి ఏడు అతను పాత బస్టాండు దగ్గర సైకిల్ రిపేరు షాపు పెట్టుకున్నాడు.

అబ్బా రిటైరయ్యే నాడు నేను అడిగాను, ఆ హాజరీ క్లాజు యాజమాన్యం ఎత్తు కదా, మీరెందుకు ఒప్పుకున్నారని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "వాళ్లది కాదు బేటా. నేనే చెప్పినా" అన్నాడు. 27.5 లెక్కలాగా తట్టిందట. లేబర్ అధికారి శభాష్ అన్నాడట.

ఆయన ఇంతెకాల్ తర్వాత రేకు పెట్టెలో 1987 కాగితం దొరికింది, ఉర్దూ దస్తఖత్‌తో. కింద కట్టలుగా జీతం చీటీలు. నేను హాజరీ అలవెన్సు గడి చూస్తూ పోయాను. మొదటి రెండు నెలలు 30. ఆగస్టు నుంచి సున్నా. తర్వాత నెలా సున్నా. ఏళ్ల తరబడి సున్నా. అమ్మీని అడిగితే విసుక్కుంది. "నెలకు రెండు రోజులు ఒళ్లు బాలేదని పడుకునేవాడు. జ్వరం లేదు, ఏం లేదు. దూలాలు చూస్తా ఉండేవాడు. ముప్పై రూపాయలు పోతాయని ఎన్నిసార్లు తిట్టినానో."

చీటీలు పట్టుకుని చిచ్చా షాపుకు వెళ్లాను. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, రెండు మూడు చూసి నాకే తిరిగిచ్చాడు.

"ఆయన నాగా పెట్టిన రోజు నాకు తెలిసేది. గేటు కాడ ఆయన ఖాతా పేరు పిలుస్తారు కదా" అన్నాడు. "లైన్లో నాకన్నా ముందు నలుగురు ఉండేవాళ్లు బేటా."