మూసీ దిగువన మన పొరుగువారు

సికింద్రాబాద్ నుంచి గుంటూరు వైపు వెళ్లే రైలు బీబీనగర్ దాటాక దక్షిణానికి మళ్లి, వలిగొండ ప్రాంతంలో మూసీ వంతెన మీదుగా రామన్నపేట చేరుతుంది. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన మండల కేంద్రమిది. బంధువుల ఇంట వలీమాకు బయలుదేరిన మేము, వంతెన రాకముందే నది దగ్గరపడిందని వాసనను బట్టి గ్రహించాము.

మర్నాడు అస్ర్ వేళకు మూసీ ఒడ్డున ఉన్నాము. ఎదుట పుష్కలంగా నీరు పారుతున్నది. అయినా వజూ కోసం మస్జిద్ కుళాయి దగ్గరికి తిరిగి రావలసి వచ్చింది. మాలిన్యం వల్ల రంగు, రుచి, వాసన మారిన నీరు శుద్ధికి పనికిరాదని ఫిఖ్హ్ చెబుతుంది. ఇక్కడ ఆ మార్పును కనిపెట్టడానికి పండితుడు అక్కరలేదు.

మూసీ వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా తన నగరానికి ఈ నది ఒడ్డునే పునాది వేశాడు. 1908 సెప్టెంబరు వరద వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నాక, ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వెలిశాయి. నగరానికి రక్షణ, తాగునీరు రెండూ దక్కాయి. అయితే మంచినీరు ఎగువనే ఆగిపోగా, కాలక్రమంలో దిగువకు మిగిలింది నగరపు మురుగు, పరిశ్రమల వ్యర్థాలు. ఒకనాడు వేసవిలో ఎండిపోయే ఏరు నేడు ఏడాది పొడవునా పారుతున్నదంటే కారణమిదే.

ఆ నీరే కత్వాల నుంచి కాలువల్లోకి, కాలువల నుంచి వరి మళ్లలోకి చేరుతుంది. బోరు వేద్దామంటే నల్లగొండ ప్రాంతపు భూగర్భ జలానికి ఫ్లోరైడ్ బెడద ఉండనే ఉంది. ఒక వృద్ధ రైతు మాతో అన్న మాట ఇది: "నీళ్లు రాకుంటే పంట లేదు సాబ్. వస్తే పాణం బాగుండది."

నగరాలు నివాసయోగ్యమా కాదా అని కొలిచే సూచీలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2021 మార్చిలో 111 నగరాలకు అలాంటి సూచీని ప్రకటించింది. పది లక్షలు దాటిన జనాభా గల నగరాల్లో హైదరాబాద్‌కు 24వ స్థానం వచ్చింది. జీవన నాణ్యత, ఆర్థిక స్తోమత, సుస్థిరతలతో పాటు నగరవాసుల అభిప్రాయాన్నీ లెక్కించారు. మంచిదే. కానీ ఆ నగరం వదిలిన నీటితో బతికే రామన్నపేట రైతు అభిప్రాయం ఏ గడిలో రాయాలి?

పొరుగువారు ఎవరి కీడు నుంచి నిశ్చింతగా ఉండలేరో అతను విశ్వాసి కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నీటి రేవుల వద్ద మలవిసర్జన శాపానికి కారణమవుతుందన్నారు. మదీనాలో మంచినీటికి కటకట ఏర్పడినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలేశారు. ఆ నగరపు ఔన్నత్యానికి అదొక కొలమానం. నది కలిపిన వాళ్లు పొరుగువారు కాకుండా పోరు, మధ్య ఎంత దూరమున్నా సరే.

2024 నవంబరు 8న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం వద్ద మూసీ వెంట నడిచి, ప్రక్షాళనకు హామీ ఇచ్చారు. ప్రతి మురుగు చుక్కా శుద్ధి అయ్యాకే నదిలో కలవాలని అడగడం మన బాధ్యత. వంటనూనె, పాత మందులు, ఖుర్బానీ వ్యర్థాలు కాలువల్లో వేయకుండా ఉండటం మాత్రం ఈ రోజే మన చేతిలో ఉన్న పని.

తిరుగు ప్రయాణంలో వంతెన దగ్గర అందరూ ముక్కు మూసుకున్నారు. మేమూ మూసుకున్నాము. ఆ నీటిలో మా ఇంటి వాటా కూడా ఉందన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. అల్లాహ్ మనల్ని పొరుగువారికి కీడు చేయని వారిగా మలచుగాక. ఆమీన్.