కలివికోడి చెప్పే అనుపలబ్ధి

నేలపై కుండ లేదని చూచేవానికి ఎలా తెలుస్తుంది? అది కనబడకపోవడం చేతనే. భాట్టమీమాంసకులు, అద్వైతులు దీనిని ‘అనుపలబ్ధి’ అనే ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. అయితే అందులో ఒక నియమం ఉన్నది. వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడవలసిన పరిస్థితిలో కనబడకపోతేనే దాని అభావం సిద్ధిస్తుంది. ఇదే యోగ్యానుపలబ్ధి. చీకటి గదిలో కుండ కనబడనంత మాత్రాన కుండ లేదనరాదు.

ఈ నియమానికి అనంతపురం కరవుసీమలోనే ఒక దృష్టాంతం లభిస్తుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి అనే చిన్న పక్షిని 1900లో అనంతపురం సమీపాన, పెన్నా లోయలో హోవర్డ్ క్యాంప్‌బెల్ చూచాడు. పిమ్మట 86 సంవత్సరాలు అది శాస్త్రజ్ఞులకు గోచరించలేదు. అంతరించినదనే భావించారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణ వలన, స్థానికుల సాయంతో, కడప జిల్లాలో అది మళ్లీ దర్శనమిచ్చింది.

లోపం పక్షిది కాదు, చూపుది. కలివికోడి నిశాచరి. పగలు ముళ్లపొదల నడుమ మట్టిరంగులో కలిసిపోతుంది. రాత్రి పొదల మధ్యనున్న ఖాళీ నేలపై తిరుగుతూ చెదపురుగులను, చీమలను ఏరుకొని తింటుంది. దానికి పగటి అన్వేషణ యోగ్యమైన ఉపాయం కాదు. అందుకే తరువాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరచి పాదముద్రలు వెదకారు. సంధ్యవేళ కూతకై చెవియొగ్గారు. పొగను బట్టి నిప్పును గ్రహించినట్లు, అడుగుజాడను బట్టి పక్షిని గ్రహించారు.

“ఎంత వెదకినా కనబడలేదు, కనుక ఆత్మ లేదు” అనే సాధకుడు ముందుగా తన ఉపాయాన్నే పరీక్షించుకోవాలి. బహిర్ముఖమైన ఇంద్రియాలతో ద్రష్టను వెదకడం పగటివేళ నిశాచరిని వెదకడం వంటిదే. ఈ దృష్టాంతం ఆత్మను నిరూపించదు. తొందరపాటు నిషేధాన్ని మాత్రమే తొలగిస్తుంది. నిరూపణకు శ్రవణ మనన నిదిధ్యాసనలు వేరుగా ఉన్నవి.

ఆత్మకు ఆ నిషేధం వలన హాని లేదు, అది నిత్యం. పక్షి అనిత్యం. లేని పక్షికి పొదలెందుకని నరికి, పొలాలకు, కాలువలకు చదును చేస్తే, నిన్న అసత్యమైన ‘లేదు’ అనే మాట రేపు సత్యమైపోతుంది. అప్పుడు ఎంతటి యోగ్యమైన అన్వేషణకైనా మిగిలేది అభావమే. కనుక ‘లేదు’ అనే ముందు ఒక రాత్రి మౌనంగా వేచియుండడం వివేకికి ధర్మం.