సబ్బునీటిలో పంపకము

అంట్లు తోమునపుడు నూనెజిడ్డు సబ్బునీటిలో మాయమగుట నాకు చిన్ననాటినుండియు వింత గొలుపుచుండెను. కారణము నేర్చినపిమ్మట ఆ వింత యినుమడించెను.

సబ్బు అణువునకు నీటిని గోరు తలయు, నూనెను గోరు తోకయు గలవు. నీటిలో సబ్బు కొంత మితి దాటినంతనే, తోకలు లోపలికుండునట్లు అణువులు గుంపులు గట్టును. వీనినే మిసెల్లులందురు. సోడియం డోడెసిల్ సల్ఫేటు అను సబ్బువంటి పదార్థమునకు ఆ మితి లీటరునకు సుమారు 2.3 గ్రాములు, గుంపునకు సుమారు 60 అణువులు.

విద్యుదావేశము లేని పదార్థము ఆక్టనాలు అను నూనెవంటి ద్రవమున నెంత, నీట నెంత నిలుచునో యెఱిగినచో, మిసెల్లులలో దాని పాలెంతయో చాలవఱకు ముందే లెక్కింపవచ్చును.

ఈ లెక్క యెందులకు? వాడిన నీరు చెఱువు చేరి పలుచనైనపుడు గుంపులు విడిపోవును. అవి మోసిన విషద్రవ్యము బయటపడును. కావున విద్యార్థులారా, మరక పోయెనని సంతసించునపుడు అది యెచ్చటికి బోయెనో కూడ విచారింపుడు.