ముగ్గురికి ఒక్క వాచీ

పోయిన పోస్టుల మా రూం ఫొటో పెడితే, చేతికి ఆ వాచీ ఏంది, ఎంతకు కొన్నరు అని శానమంది అడిగిన్రు. కొత్తది కాదు. దుబాయ్ విడిచి ఇంటికి పోతున్న ఒక ఫిలిప్పీన్ ఆయన దగ్గర 120 దిర్హాంలకు తీసుకున్నం. దాంట్ల పాటలు రావు, ఫోన్ రాదు. ఎంత దూరం ఉరికినం, ఎంతసేపు ఉరికినం, గుండె ఎంత కొట్టుకుంటుంది, గంతే. ముగ్గురం పైసలు కలుపుకొని కొన్నం.

ఎందుకు కొన్నమంటే, ఇదివరకు మా రూంల నలుగురం ఉండేటోళ్లం. నాలుగో ఆయనకు 43 ఏండ్లు. ఒక రాత్రి అన్నం తిని పన్నడు, పొద్దున బస్సుకు టైమైందని లేపితే లేవలే. పెట్టె ఊరికి పంపేదాక కాగితాలు పట్టుకొని తిరిగినం. అయన్నీ ఎట్లనో అయినయి. ఆయన భార్య ఫోన్ చేసి "అన్నా, ఏమన్న నొస్తుందని మీతోని చెప్పిండా?" అని అడిగింది. ఆరేండ్లు పక్కపక్క మంచాల మీద పన్నోళ్లం. మా దగ్గర జవాబు లేదు.

మొదటి రోజు వాచీ పెట్టుకొని సోనాపూర్ గల్లీలల్ల ఉరికినం. ఇంటికొచ్చి ఫోన్ల చూస్తే మా గీత బిల్డింగుల మీదికెళ్లి పోయినట్టు చూపిస్తుంది! వాచీ ఖరాబైందనుకున్నం. తప్పు మాదే. బయటికి రాంగనే బటన్ ఒత్తొద్దు. ఆకాశం మంచిగ కనబడే జాగల రెండు నిమిషాలు నిలబడాలె, సాటిలైట్లు దొరికినయని చూపించినంక మొదలువెట్టాలె. బిల్డింగుల నడుమ సిగ్నల్ గోడలకు తగిలి వస్తది, అందుకే గీత వంకరపోతది.

సూపర్‌వైజర్ బుద్ధి ఊకుంటదా? ఒక ఆదివారం 50 మీటర్ల టేపు తెచ్చి క్యాంపు కాంపౌండ్ గోడ చుట్టూ కొలిచినం. 780 మీటర్లు వచ్చింది. వాచీ ఒకసారి 770 అన్నది, ఇంకోసారి 800 అన్నది. సెట్టింగ్ ఔట్‌కు పనికిరాదు గని ఉరుకుడుకు సాలు.

మొదటి వారం సైటు మీద ఉరికినట్టే ఉరికినం. కిలోమీటరు ఆరు నిమిషాలల్ల కొట్టి ఫుట్‌పాత్ మీద కూలవడ్డం, గుండె 172. మా వయసు 46. 220ల నుంచి వయసు తీసేస్తే 174, అదే సుమారుగ ఆఖరు హద్దు అంటరు. ఇప్పుడు కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు, పక్కోనితోని ముచ్చట పెట్టుకుంట పోతం. ఎండాకాలం బంద్. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాక ఎండల పనే చేయొద్దని రూలున్నది, ఆ నెలలల్ల పొద్దుగూకినంక గూడ ఉక్కపోత తగ్గదు.

వాచీకి ముగ్గురం ఒక్కడే మనిషి. అందుకే నోట్‌బుక్కుల పేరు పేరుకు వేరుగ రాస్తున్నం. పొద్దున మంచం మీదనే ఎవరి గుండె ఎంతున్నదో గూడ రాస్తం, పట్టీ వదులుంటే తప్పు చూపిస్తది, జర బిగించాలె. అట్ల రాస్తుంటే మాల ఒక తమ్మునికి వారం రోజులు పండుకున్నా 100 దాటే వచ్చింది. "నాకేం గాలే అన్నా" అన్నడు. తిట్టి క్లినిక్‌కు తోల్కపోయినం. బీపీ 170/110. బీపీ వాచీకి తెల్వదు, ఆ సంగతి యాదుంచుకోన్రి, అది డాక్టరే చూడాలె. ఇప్పుడు గోలీ వేసుకుంటుండు. నోట్‌బుక్ ఫొటో ప్రతి ఆదివారం వాళ్లింటికి వాట్సాప్‌ల పోతది. ఆ చెల్లె మాకంటే గట్టిగ లెక్క చూస్తది, ఒక్కరోజు రాయకుంటే ఫోన్ చేస్తది.

నవంబర్‌ల దుబాయ్ రన్‌కు పేర్లు రాయించుకుందామనుకుంటున్నం. ఫీజు లేదు, షేక్ జాయెద్ రోడ్డు మీద బండ్లు ఆపి 5 కిలోమీటర్లు ఉరకనిస్తరు. ఇన్నేండ్లు ఆ రోడ్డు కంపెనీ బస్సు కిటికీలకెళ్లి చూసుడే. అంత ఎత్తు టవర్ల నడుమ మన వాచీ ఏం లెక్క చూపిస్తదో! అసలు ఆ రోజు వాచీ ఎవరు పెట్టుకోవాలన్నది ఇంక తెగలే. మాట్లాడుతున్నం.